నాలుగేళ్ల బాబు మాట బయటివాళ్లకి అర్థం కావడం లేదు, థెరపిస్ట్‌ని ఏం అడగాలి?

మా బాబుకి 4 ఏళ్లు నిండాయి. మనం చెప్పేది బాగా అర్థం చేసుకుంటాడు, రెండు మూడు పనులు కలిపి చెప్పినా వరసగా చేసేస్తాడు. తోటి పిల్లలతో ఆడతాడు. కానీ పలుకు స్పష్టంగా రాదు. క, గ రావాల్సిన చోట త, ద వస్తాయి. కాకిని "తాతి" అంటాడు, గదిని "దది" అంటాడు. ఇది చాలామంది చిన్నపిల్లల్లో ఉండేదే. నా టెన్షన్ వేరే. పొడుగు మాటలు ఒక్కోసారి ఒక్కోలా పలుకుతాడు, మొదలుపెట్టే ముందు నోరు తడుముకుంటున్నట్టు ఉంటుంది. అప్రాక్సియాలో (ఏం అనాలో తెలిసినా, పలకడానికి కావాల్సిన నాలుక, పెదాల కదలికల్ని మెదడు సరిగ్గా కుదర్చలేకపోయే సమస్య) ఇలా ఉంటుందని చదివి భయపడుతున్నాను.

వినికిడి పరీక్ష నార్మల్. అయితే వాడికి తరచూ జలుబు చేస్తుంది. చెవిపొర వెనక నీరు చేరితే వినికిడి కొంతకాలం తగ్గుతుంది కదా, పరీక్ష మళ్లీ చేయించాలా?

ఇంట్లో ఒకే భాష మాట్లాడమని బంధువులు అంటున్నారు. రెండు భాషలు వినడం వల్ల ఈ ఇబ్బంది రాదు, అందుకే అది మేం మానలేదు.

ఈమధ్య ఎవరైనా "ఏంటీ?" అని రెండోసారి అడిగితే వాడు మాట ఆపేసి వేలితో చూపిస్తున్నాడు. అది చూసి తట్టుకోలేకపోతున్నాను.

అప్రాక్సియానా, మామూలు ఉచ్చారణ సమస్యా అని మీ పిల్లలకి ఎలా తేల్చారు? థెరపీ వారానికి ఎన్నిసార్లు పెట్టారు? తప్పు పలికినప్పుడు సరిదిద్దాలా, లేక సరైన మాట మనమే ఒకసారి అని ఊరుకోవాలా? స్కూల్లో టీచర్‌కి ఏమని చెప్పారు?