ఫిట్స్ మందు వల్ల లూపస్ లాంటి లక్షణాలు: మీలో ఎవరికైనా ఇలా అయిందా?

మా చెల్లికి ఫిట్స్ ఉన్నాయి. మూడేళ్లుగా కార్బమజెపిన్ వాడుతోంది. ఏడాదిన్నరగా ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. ఆ మందు మీద మాకెంత నమ్మకమో చెప్పలేను.

రెండు నెలల నుంచి పొద్దున లేవగానే తన వేళ్లు బిగుసుకుపోతున్నాయి. నీళ్ల సీసా మూత తిప్పలేక నా చేతికిస్తోంది. వేలికున్న ఉంగరం సబ్బు రాస్తే గానీ ఊడి రాలేదు. సాయంత్రమయ్యేసరికి సన్నటి జ్వరం, ఊపిరి గట్టిగా పీలిస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి. ఏఎన్ఏ పరీక్ష (సొంత కణాల మీదే పనిచేసే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే రక్తపరీక్ష) పాజిటివ్ వచ్చింది, మందు వల్ల వచ్చే లూపస్‌లో తరచుగా కనిపించే యాంటీ హిస్టోన్ యాంటీబాడీలు కూడా ఉన్నాయి. కిడ్నీ పరీక్షలు మాత్రం బాగానే ఉన్నాయి, అదొక్కటే ఊరట.

ఇది మందు వల్ల వచ్చిన లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) కావచ్చని న్యూరాలజీ డాక్టరుగారు అన్నారు. కార్బమజెపిన్, ఫెనిటోయిన్, ఎథోసక్సిమైడ్ లాంటి ఫిట్స్ మందులతో అరుదుగా ఇలా జరుగుతుందట. ఆ మందు ఆపాక చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుందట. కానీ ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. అందుకే లెవెటిరాసిటమ్ అనే వేరే ఫిట్స్ మందు మొదలుపెట్టి పాతది మెల్లగా తగ్గిస్తామన్నారు. మేమైతే సొంతంగా ఒక్క మాత్ర కూడా మానలేదు.

ఇలా మందు మార్చుకున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. కీళ్ల నొప్పులు తగ్గడానికి ఎంతకాలం పట్టింది? మార్చే రోజుల్లో ఫిట్స్ తిరిగొచ్చాయా? లక్షణాలు పోయినా ఏఎన్ఏ చాలాకాలం పాజిటివ్‌గానే ఉండొచ్చన్నారు, మీరు మళ్లీ పరీక్ష ఎప్పుడు చేయించారు? వచ్చే వారం రుమటాలజీ (కీళ్లు, లూపస్ లాంటి జబ్బులు చూసే) డాక్టరుగారిని కలుస్తున్నాం, ఏమేం అడగాలి? తను రాత్రి నిద్రలో కాస్త కదిలినా నాకు మెలకువ వచ్చేస్తోంది, అంత టెన్షన్‌గా ఉంది.