ఉద్దానం తోటలో సొంత విమానం: ముందు కొనాలా, ముందు నేర్చుకోవాలా?

ప్రశ్న (పలాస నుండి)

అందరికీ నమస్కారం. నేను కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేస్తున్నాను. వయస్సు 43 సంవత్సరాలు. విమానం స్వయంగా నడపాలన్న కోరిక హైస్కూలు రోజుల నుండీ ఉంది. పిల్లల చదువులు ఒక దారిన పడ్డాయి కాబట్టి, ఇద్దరు మిత్రులతో కలిసి నాలుగు సీట్ల పాత సెస్నా 172 ఒకటి కొనాలని ఆలోచిస్తున్నాను. వజ్రపుకొత్తూరు వైపు, సముద్రానికి నాలుగు కిలోమీటర్ల లోపున, మాకు ఎనిమిది ఎకరాల జీడితోట ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు అందులో చెట్లు చాలావరకు కూలిపోయాయి. మళ్లీ నాటని భాగం పొడవు 450 మీటర్లు ఉంటుంది. అక్కడ నేల చదును చేయించి, గడ్డి రన్‌వే, పక్కనే రేకుల షెడ్డు వేయించుకోవాలని మా ఉద్దేశం.

మా ముగ్గురిలో ఎవరికీ ఇంకా లైసెన్సు లేదు. సొంత విమానం మీదే నేర్చుకుంటే ఖర్చు తగ్గుతుందని ఒక మిత్రుడి వాదన. ముందు నేర్చుకుని తరువాతే కొనాలని నాకు అనిపిస్తోంది గానీ, కారణం చూపించి ఆయనను ఒప్పించలేకపోతున్నాను. మన తీరపు గాలి, ఎండ తెలిసిన పెద్దలు ఎవరైనా ఉంటే దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం (విజయనగరం నుండి, విశ్రాంత విమాన నిర్వహణ ఇంజనీరు)

బాబూ, మీకు అనిపించినదే సరైనది. ముప్పై ఏళ్లకు పైగా ఇలాంటి చిన్న ఇంజన్లను విప్పి బిగించినవాడిగా దానికి కారణం చెబుతాను.

సెస్నా 172లలో ఎక్కువగా కనిపించే లైకమింగ్ సంస్థ ఇంజనులో కామ్‌షాఫ్ట్ (కవాటాలను తెరిపించే ఇరుసు) పైభాగాన, ఆయిలు నిలిచే చోటికి దూరంగా ఉంటుంది. ఇంజను ఆపిన కొన్నాళ్లకు దాని మీది ఆయిలు పొర కిందికి జారిపోతుంది. ఆపైన మన ఉప్పుగాలిలోని తేమ ఆ ఉక్కును నేరుగా తాకుతుంది. తుప్పుతో గుంటలు పడిన కామ్ (ఆ ఇరుసు మీది గుబ్బ) ట్యాపెట్లను, అంటే తాను నెట్టే చిన్న ఉక్కు ముక్కలను, అరగదీస్తుంది, ఆ రజను ఆయిలుతో పాటు ఇంజనంతా తిరుగుతుంది. ఒకప్పుడు తీరప్రాంతంలో వానాకాలమంతా కదలకుండా ఉంచిన విమానం ఒకటి మా చేతికి వచ్చింది. దాని యజమాని ఎంతో శ్రద్ధగా వారానికి ఒకసారి షెడ్డు ముందే పది నిమిషాలు ఇంజను నడిపించేవారు. అది మేలు చేయకపోగా హాని చేసింది. నేల మీద కొద్దిసేపు నడిపితే ఆయిలు తగినంత వేడెక్కదు. దహనంలో పుట్టిన నీరు ఆవిరై పోవాలంటే ఆయిలు సుమారు 80 డిగ్రీల వేడి దగ్గర చాలాసేపు ఉండాలి, అది గాలిలో ఎగిరినప్పుడే సాధ్యమవుతుంది. లేకపోతే ఆ నీరు ఆయిలులోనే మిగిలి ఆమ్లాలకు కారణమవుతుంది. సిలిండరు తీసి చూస్తే కామ్ మీద గోటికి తగిలేంత గుంటలు కనిపించాయి. ఇంజనంతా విప్పి బాగుచేసే పూర్తి ఓవర్‌హాల్ తప్ప వేరే దారి లేకపోయింది. ఆ యజమాని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

రెండు వారాలకు ఒకసారైనా గంటసేపు ఎగరగలిగితేనే ఇలాంటి ఇంజను బాగుంటుంది. లైసెన్సు లేని ముగ్గురు యజమానులు ఆ నియమాన్ని ఎలా పాటిస్తారో మీ మిత్రుణ్ణి అడగండి. ఈ ఇంజన్లకు తయారీదారు సూచించే ఓవర్‌హాల్ గడువు సాధారణంగా 2,000 గంటలు లేదా 12 సంవత్సరాలు, ఏది ముందైతే అది. కాబట్టి ‘ఇరవై ఏళ్లలో ఆరు వందల గంటలే తిరిగింది’ అని ఎవరైనా చెబితే సంతోషించకండి, అనుమానించండి.

ఇంధనం సంగతి కూడా ఆలోచించుకోవాలి. బంకులో దొరికే ఇథనాల్ కలిసిన పెట్రోలు ఈ విమానానికి పనికిరాదు. నీలిరంగులో ఉండే ఏవ్‌గ్యాస్ 100 ఎల్‌ఎల్ అనే విమాన పెట్రోలు కావాలి, గంటకు 30 నుండి 35 లీటర్ల వరకు ఖర్చవుతుంది. ఒకప్పుడు పూర్తిగా దిగుమతి మీదే ఆధారపడిన ఈ ఇంధనాన్ని 2022 నుండి ఇండియన్ ఆయిల్ సంస్థ వడోదరలో తయారుచేస్తోంది. అయినా దానిని మీ తోట వరకు తెప్పించుకోవడం, తేమ చేరకుండా నిల్వ చేయడం ఒక పెద్ద పని. రేకుల షెడ్డు ఆలోచన మాత్రం పూర్తిగా మానుకోండి. తిత్లీ మీ చెట్లను ఏం చేసిందో మీరే రాశారు.

సమాధానం (బొబ్బిలి నుండి, ప్రైవేటు పైలట్ లైసెన్సు ఉన్నవారు)

ఇంజనీరు గారు చెప్పిన ప్రతి మాటతో ఏకీభవిస్తూ, రన్‌వే లెక్క నేను చెబుతాను.

సెస్నా 172ఎస్ రకానికి తయారీదారు ఇచ్చే పుస్తకం ప్రకారం, పూర్తి బరువుతో, గాలి లేనప్పుడు, సముద్రమట్టంలో, 20 డిగ్రీల వేడిలో, గట్టి రన్‌వే మీద నుండి బయలుదేరి 50 అడుగుల ఎత్తు అడ్డంకిని దాటడానికి సుమారు 515 మీటర్లు కావాలి. 40 డిగ్రీల వేడిలో అది సుమారు 590 మీటర్లవుతుంది. వేడెక్కిన గాలి పలచబడటం వల్ల రెక్క, ప్రొపెల్లరు, ఇంజను మూడూ ఒకేసారి బలహీనపడతాయి. అలాంటి మధ్యాహ్నం మీ తోటలో నిలబడిన విమానానికి తాను దాదాపు 3,000 అడుగుల ఎత్తులో ఉన్నట్లే ఉంటుంది. ఎండిన గడ్డి మీద అయితే నేల మీది పరుగుకు మరో 15 శాతం కలపాలి. తడిసిన గడ్డి మీద ఇంకా ఎక్కువ. పైగా ఇవి కొత్త విమానంతో, అనుభవం ఉన్న పైలట్ సాధించిన అంకెలు. తోట చివర మిగిలిన జీడిచెట్లు, కొబ్బరిచెట్లు 450 మీటర్ల దగ్గరే ఎదురవుతాయి. ఈ తోట వద్దండీ. పొడవు సరిపోయినా, సొంత నేల మీద విమానం దించడానికి అనుమతులు వేరుగా తీసుకోవాలి.

మరి విమానం ఎక్కడ ఉంచాలి? విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది. భోగాపురం పెద్ద విమానాల కోసం కట్టినది. ఈ ప్రశ్నకు జవాబు దొరికే వరకు కొనుగోలు మాట తలపెట్టకపోవడమే మంచిది.

నేర్చుకోవడానికి మాత్రం ఎవరి అడ్డూ లేదు. ప్రైవేటు లైసెన్సుకు కనీసం 40 గంటలు ఎగరాలి, పరీక్షలు రాయాలి, రేడియో లైసెన్సు పొందాలి. మధ్యలో నెలల తరబడి ఆపితే నేర్చుకున్నది చేతుల్లోంచి జారిపోతుంది కాబట్టి, జీడి సీజను ముగిశాక వరుసగా రెండు మూడు నెలలు కేటాయించుకుని ఒక శిక్షణ సంస్థ దగ్గరే ఉండండి. చూపు మీద ఆధారపడి ఎగిరే విమానాలకు మన దేశంలో రాత్రి అనుమతి లేదు. బయలుదేరే ముందు ఫ్లైట్ ప్లాన్ ఇచ్చి, వైమానిక రక్షణ అనుమతి సంఖ్య తీసుకోవాలి. ఈ క్రమశిక్షణ అలవాటు కావడానికి కూడా శిక్షణ సంస్థే సరైన చోటు.

ఇంకొక మాట. వంశధార, నాగావళి పరిసరాల మీద ఎగిరేటప్పుడు, ఇంజను ఆగితే ఎక్కడ దిగాలన్నది ప్రతి నిమిషం చూసుకుంటూ ఉండాలి. 172 మూడు వేల అడుగుల నుండి సుమారు ఎనిమిది కిలోమీటర్లు జారుతూ రాగలదు. సంక్రాంతి తరువాత కోసిన మళ్లు పైనుండి మైదానంలా కనిపిస్తాయి గానీ, గట్టుకు ముందు చక్రం తగిలితే విమానం తలకిందులవుతుంది. అందుకే గట్టుకు అడ్డంగా కాకుండా, పొడవాటి మడిలో గట్టు వెంబడే దిగాలని నాకు నేర్పారు.

సమాధానం (శ్రీకాకుళం నుండి, శిక్షణ పొందుతున్న అమ్మాయి తల్లి)

అన్నగారూ, అన్నింటికంటే ముందు డీజీసీఏ (దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తించిన వైద్యుడి దగ్గర రెండో తరగతి వైద్య పరీక్ష చేయించుకోండి. మా అమ్మాయితో చేరిన ఒక అబ్బాయి ఫీజులు కట్టేసిన తరువాత, రంగులు గుర్తుపట్టడంలో లోపం బయటపడి ఎంతో బాధపడ్డాడు. మీ వయస్సుకు రక్తపోటు, మధుమేహం కూడా చూస్తారు. ఇంకొక విషయం: సొంత వాడకానికి కొనే విమానాల మీద 2025 సెప్టెంబరు 22 నుండి జీఎస్టీ 40 శాతం. ముగ్గురి వాటాల లెక్కలో అది చేర్చారో లేదో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈ సమాధానాలు మా మిత్రుడికి చదివి వినిపించాను. రన్‌వే అంకెలు విన్న తరువాత ఆయన తోట మాట ఎత్తలేదు. పన్ను సంగతి మేము లెక్కలో వేసుకోనే లేదు. వచ్చే వారం ముగ్గురమూ వైద్య పరీక్షకు వెళుతున్నాము. ఇంజనీరు గారూ, లైసెన్సు వచ్చాక ఏదైనా పాత విమానం చూడవలసి వస్తే, ఇంజను లోపల కామ్ పరిస్థితి బయటినుండి తెలుసుకునే మార్గం ఉందా?

సమాధానం (విజయనగరం నుండి)

పూర్తిగా తెలియదు బాబూ, సిలిండరు విప్పితేనే కామ్ కనిపిస్తుంది. అయితే ఆయిలు ఫిల్టరు తీయించి, కోసి, లోపలి కాగితపు మడతలను విప్పి ఎండలో చూడండి. మెరిసే రజను కనిపిస్తే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే అది ఉక్కు, అంటే కామ్ గాని ట్యాపెట్ గాని అరుగుతూ ఉండవచ్చు. లాగ్ పుస్తకంలో నెలనెలా ఎన్ని గంటలు ఎగిరిందో వరుసగా చూసుకోండి. అమ్మేవారు ఫిల్టరు కోయనివ్వకపోతే ఆ విమానం వదిలేయండి.