జాజ్‌కీ జాజిపువ్వుకీ చుట్టరికం లేదు

నిన్నటి పోస్టులో ఒకరు, అమెరికా నల్లవాళ్ల సంగీతానికి పేరైన జాజ్ అనే మాట మన జాజిపువ్వు నుంచే వెళ్లిందని, ఆ సంగీతం పుట్టిన అమెరికా ఊరు న్యూ ఆర్లియన్స్‌లో ఆడవాళ్లు పూసుకునే జాస్మిన్ అత్తరే దానికి సాక్ష్యమని రాశారు. కింద ఇంకొకరు కాదు కాదు, గడపలకు పూసే ఎర్రమట్టి జాజు అన్నారు. సరదాగా అంటే సరే, నిజంగానే నమ్మేవాళ్లు కనిపిస్తున్నారు కాబట్టి రాస్తున్నాను. జాజి సంస్కృతం ‘జాతి’ నుంచి వచ్చింది, ఇంగ్లీషు జాస్మిన్ పారశీకం నుంచి అరబ్బీ, ఫ్రెంచి మీదుగా వచ్చింది. ముందు ఆ రెండింటికే చుట్టరికం లేదు, ఇక మూడోదాన్ని ఎక్కడ కలుపుతాం?

అత్తరు కథ అమెరికాలోనూ చెప్పుకుంటారు. కానీ అచ్చులో దొరికిన పాత ఆధారాలు న్యూ ఆర్లియన్స్‌వి కావు, అసలు సంగీతానివే కావు. బేస్‌బాల్‌వి! 1912 ఏప్రిల్ 2న లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో బెన్ హెండర్సన్ అనే పోర్ట్‌లాండ్ ఆటగాడు తాను విసిరే ఒక రకం బంతికి ‘జాజ్ బాల్’ అని పేరు పెట్టానన్నాడు, అది గాల్లో వంకర్లు తిరుగుతుంది, కొట్టడం ఎవరి తరమూ కాదట. మరుసటి ఏడాది శాన్ ఫ్రాన్సిస్కో బులెటిన్‌లో స్కూప్ గ్లీసన్ అనే విలేకరి ఇదే మాటను ఆటగాళ్ల హుషారుకి వాడాడు. మన ‘ఊపు’ ఉంది చూశారా, ‘కుర్రాడు మంచి ఊపు మీదున్నాడు’ అంటామే, సరిగ్గా ఆ అర్థం. అంతకుముందే 1860 నాటికి ‘జాజమ్’ అనే యాస మాట చురుకు, సత్తువ అనే అర్థంలో ఉంది. దాన్నుంచే ఇది పుట్టిందని ఎక్కువమంది అంటారు, నాకూ అదే నమ్మబుద్ధవుతోంది.

సంగీతానికి ఈ పేరు అంటుకున్నది షికాగోలో, 1915 ప్రాంతంలో. 1916 నవంబరులో న్యూ ఆర్లియన్స్ పత్రిక టైమ్స్-పికాయూన్ కాస్త ఉక్రోషంగానే, ఈ ‘జాస్ బ్యాండ్లు’ (అప్పట్లో అలా కూడా రాసేవారు) షికాగోలో పుట్టాయంటున్నారు గానీ అసలు పుట్టిల్లు మాదేనని రాసింది.

*“అంటే సంగీతం ముందు, పేరు తర్వాతా అండీ? మరి ఆ ఊళ్లో ఏమనేవారు?”*

అవునండీ. ఎక్కువగా ర్యాగ్‌టైమ్ అనేవారు, అది జాజ్‌కి ముందున్న నల్లవాళ్ల సంగీతం పేరు. ఆ ఊరి క్లారినెట్ వాద్యకారుడు సిడ్నీ బెషే లాంటివాళ్లు చివరిదాకా అదే మాట పట్టుకున్నారు, జాజ్ అనేది తెల్లవాళ్లు పెట్టిన పేరని ఆయన వాదన. సంగీతం వేళ్లు ఇంకా వెనక్కి పోతాయి. న్యూ ఆర్లియన్స్‌లో బానిసలు ఆదివారాలు కాంగో స్క్వేర్‌లో గుమిగూడి డప్పులతో ఆడిపాడేవారు, 1817లో ఊరి పాలకులు ఆ ఆటపాటలను ఒక్క చోటికే కట్టడి చేశారు కూడా. ఆ లయకు తోడు చర్చి కీర్తనలు, బ్లూస్ అనే నల్లవాళ్ల విషాదగీతాలు, ఊరేగింపుల బ్రాస్ బ్యాండ్లు. శవయాత్రలో వెళ్లేటప్పుడు నెమ్మదిగా కీర్తన, సమాధి దాటాక గెంతులేసే పాట, అది అక్కడి పద్ధతి. నొటేషన్ (కాగితం మీది స్వరాలు) చదివి వాయించే క్రియోల్ వాళ్లు, అంటే తెల్ల, నల్ల రక్తాలు కలిసినవాళ్లు, చెవితో విని వాయించే నల్లవాళ్లు వేర్వేరుగా బతికినవాళ్లే, 1890లలో వచ్చిన వర్ణవివక్ష చట్టాలు ఇద్దరినీ ఒకే గాటన కట్టేశాయి, అలా వాళ్ల వాద్యాలూ కలిశాయి. కార్నెట్ అనే చిన్న బాకా వాయించే బడ్డీ బోల్డెన్ 1900 ప్రాంతంలో ఆ ఊరి వాద్యకారుల్లో రాజు, 1907లో పిచ్చాసుపత్రికి వెళ్లిపోయాడు, ఆయన వాయింపు రికార్డు ఒక్కటీ లేదు.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. 1917 ఫిబ్రవరి 26న న్యూయార్క్‌లో విక్టర్ కంపెనీకి జాజ్ పేరుతో మొదటి రికార్డు ఇచ్చింది ‘ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్’, అయిదుగురూ తెల్లవాళ్లే. ఆ రికార్డులోని ‘లివరీ స్టేబుల్ బ్లూస్’ వినండి, క్లారినెట్ కోడిపుంజులా కూస్తుంది, కార్నెట్ గుర్రంలా సకిలిస్తుంది, ట్రాంబోన్ ఆవులా అరుస్తుంది. వినడానికి గమ్మత్తుగానే ఉంటుంది, కానీ ఈ విద్య కనిపెట్టినవాళ్ల గొంతు జనానికి చేరడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. న్యూ ఆర్లియన్స్ నల్ల కుర్రాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1922లో షికాగో వెళ్లి కింగ్ ఆలివర్ బ్యాండులో చేరాక కదా కథ మారింది. అన్నట్టు ‘జాస్’ (jass) చివరి అక్షరాలు మారి ‘జాజ్’ (jazz) కావడానికి ఒక కారణం చెబుతారు, పోస్టర్ల మీద పోకిరీలు మొదటి అక్షరం గీకేస్తే మిగిలేది బూతట! నిజమెంతో గానీ ఆ డిక్సీలాండ్ బ్యాండు నాయకుడే చెప్పుకున్న కథ ఇది.

జాజ్‌లో పేరుమోసిన డ్యూక్ ఎలింగ్టన్‌కీ, మాక్స్ రోచ్‌కీ కూడా ఈ పేరు నచ్చలేదు. అయినా అక్కడి భాషను, యాసలను పరిశీలించే అమెరికన్ డయలెక్ట్ సొసైటీ 2000లో దీన్నే ఇరవయ్యో శతాబ్దపు మాటగా ఎన్నుకుంది.

*“మాస్టారూ, తెలుగులో జాజ్ అని రాయాలా, జ్యాజ్ అనా?”*

బ్యాంకు, క్యాంపు అని రాసే లెక్కన జ్యాజ్ అనాలి, కానీ జాజ్ స్థిరపడిపోయింది, కదపక్కర్లేదు. అసలు చిక్కు జకారంతో. జాలి, జాడ లాంటి మన మాటల్లో ‘ఆ’ ముందు దంత్యం (నాలుక పళ్లకు తగిలే జ) పలుకుతాం, ఇక్కడేమో మొదటిది తాలవ్యం (‘జీవి’లోని జ), చివరిది దంత్యానికి దగ్గర. పట్టుబట్టి రాస్తే ‘జాౙ్’ అవుతుంది, కానీ ఆ అక్షరం మీ ఫోన్లో కనబడుతుందో లేదో చూసుకోండి.