అప్‌డేట్: 'త్రీ బాడీ ప్రాబ్లమ్' పూర్తయింది

చైనా రచయిత లియూ సిషిన్ రాసిన ఈ సైన్స్ ఫిక్షన్ నవల చదవడం కొనసాగించాలా, మధ్యలో వదిలేయాలా అని అడిగాను కదా. ఇప్పుడు చెప్తున్నా, తప్పకుండా కొనసాగించండి. తికమకంతా కథ వరుసతోనే. కెన్ లియూ ఇంగ్లీషు అనువాదం (2014) 1967 నాటి చైనా సాంస్కృతిక విప్లవంతో (మావో కాలంలో మేధావులను వేధించిన రాజకీయ ఉద్యమం) మొదలవుతుంది. 2008 చైనీస్ పుస్తకంలో ఆ అధ్యాయాలు మధ్యలో వస్తాయి. నా మటుకు ఇంగ్లీషు వరుసే మేలు. ఆ విప్లవంలో తండ్రి చావు ముందే చదివితేనే, శాస్త్రవేత్త యె వెన్‌జియె తర్వాత తీసుకునే నిర్ణయం ఎంత బరువైనదో తెలుస్తుంది.

కథలో వచ్చే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) ఆట అధ్యాయాలు విసుగనిపించినా దాటేయొద్దు. ఆ ఆటలోని లోకానికుండే మూడు సూర్యుల గమనాన్ని ముందుగా లెక్కగట్టడం ఎందుకు కుదరదో అక్కడే అర్థమవుతుంది. అది పట్టుబడకపోతే చివరి భాగం అతకదు.

పాత్రలు మాత్రం పల్చన, ముఖ్యపాత్ర వాంగ్ మియావో మరీనూ. పోలీసు దా షి అడుగుపెట్టినప్పుడల్లా కథకు ప్రాణం లేచొస్తుంది!