అప్‌డేట్: ‘డైకిరి’ అంటే ఏమిటో తెలిసింది

డైకిరి అనే కాక్‌టెయిల్ పేరుకు అర్థం ఏమిటని గత నెల ఇక్కడ అడిగాను. స్పానిష్ నిఘంటువులు తిరగేసి విసిగిపోయిన నాకు ‘అవి మూసి క్యూబా పటం తెరవండి’ అన్న సలహా పనిచేసింది. ఆ మాట చెప్పినవారికీ, మిగతా అందరికీ కృతజ్ఞతలు.

అది ఊరి పేరు. క్యూబాలోని సాంటియాగో నగరానికి తూర్పున, సముద్రపు ఒడ్డున ఉంది. దగ్గరలో ఇనుప గనులు. 1898 జూన్‌లో స్పెయిన్‌తో యుద్ధానికి వచ్చిన అమెరికా సైన్యం దిగిన తీరం కూడా అదే. గనుల్లో పనిచేసిన అమెరికన్ ఇంజినీరు జెన్నింగ్స్ కాక్స్ రమ్ము, నిమ్మరసం, చక్కెర కలిపి ఆ పేరు పెట్టాడని చెబుతారు. జిన్ను అయిపోతే రమ్ము పోశాడన్న కథను మాత్రం నేను నమ్మను. చెరకు పండే దేశంలో ఈ మూడూ కలవడానికి ఇంజినీరే దిగిరావాలా!

మాట స్పానిష్‌ది కాదు, స్పెయిన్‌వాళ్లు రాకముందు నుంచీ అక్కడున్న టైనో ప్రజలది. నా నిఘంటువుల మౌనానికి కారణం అదే.

గత నెల ప్రశ్నలో స్ట్రాబెర్రీలు, మిక్సీలో కొట్టిన ఐసు వేసిన డైకిరీల గురించి నేను రాసినదంతా అనవసరం. అవి తర్వాత వచ్చిన రకాలు. ‘ఎవరిదో ఇంటిపేరు’ అన్న నా ఊహా తప్పే.