స్టైపెండ్ లేని రీసెర్చ్ ఇంటర్న్‌షిప్‌కి పిల్లల్ని పంపాలా, వద్దా?

పుత్తూరు నాన్న:
మా పాప తిరుపతిలో ఈసీఈ మూడో సంవత్సరం. ఈ ఎండాకాలం రెండు నెలలు ఒక ల్యాబ్‌లో ప్రాజెక్టు చేస్తానంటా ఉంది. స్టైపెండ్ లేదు, హాస్టలూ లేదు. వాళ్ల క్లాసులో చానామంది డబ్బు కట్టి ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకొని, కోడింగ్ కోచింగ్‌కి పోతా ఉండారు. ఉద్యోగానికి ఏది పనికొస్తాది? తెలిసినోళ్లు చెప్పండి.

రాడార్ పిల్లోడు:
పంపించన్నా. నేను బీటెక్‌లో ఉన్నప్పుడు గాదంకి ఎన్‌ఏఆర్‌ఎల్‌లో (వాతావరణం మీద పరిశోధన చేసే జాతీయ ల్యాబ్) చేసినా. అక్కడ పైన గాలుల్ని కొలిచే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ ఉంది. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు స్థలంలో 1024 యాగీ యాంటెన్నాలు, పాత టీవీ యాంటెన్నాల్లాంటివి. క్లాసులో యాగీ అంటే పరీక్షలో వేసే బొమ్మ. అక్కడ వరసలు వరసలుగా కళ్లెదుటే నిలబడి ఉంటాయి.

నాకిచ్చిన పని చిన్నదే. రాడార్ పైకి పంపితే తిరిగొచ్చిన సిగ్నల్లో డాప్లర్ షిఫ్ట్ (గాలి కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే తేడా) లెక్కగట్టి, పైన గాలి ఎటు, ఎంత వేగంగా వీస్తోందో తేల్చాలి. చుట్టూ కొండలు కదా, అవి కదలవు కాబట్టి వాటికి తగిలి వచ్చే సిగ్నల్ సున్నా షిఫ్ట్ దగ్గర కూర్చుంటుంది. దాన్ని వదిలేస్తే ప్రోగ్రాం అదే గాలి అనుకుంటుంది. మొత్తం తీసేస్తే, గాలి నిజంగా నెమ్మదిగా ఉన్నప్పుడు వచ్చే సిగ్నలూ పోతుంది. ఎంతవరకు తీయాలో ఏ పుస్తకంలోనూ రాసుండదు, డేటా చూసి మనమే తేల్చుకోవాలి. తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో నన్ను ఎక్కువసేపు అడిగింది దీని గురించే.

చిత్తూరు సీఎస్ఈ:
అన్నకి మంచి గైడ్ దొరికినాడు. అందరికీ దొరకరు. నేను పోయిన చోట సార్ మొదటి రోజు ఒక పేపర్ చేతిలో పెట్టినాడు, ఆఖరి రోజు సంతకం పెట్టినాడు. మధ్యలో పీహెచ్‌డీ వాళ్ల డేటా ఎక్సెల్‌లో ఎక్కించడమే నా పని. అప్పు చేసి ఫీజు కట్టే ఇంట్లో ఉద్యోగమే ముందు. ఎంటెక్, పీహెచ్‌డీ ఆలోచన లేనివాళ్లు ఆ రెండు నెలలు కోడింగ్ ఇంటర్వ్యూల్లో అడిగే డేటా స్ట్రక్చర్స్ మీద కూర్చోవడం మేలు.

ల్యాబ్ మేడం:
తమ్ముడు చెప్పిన అన్యాయం నిజం. పిల్లల చేత పనిచేయించుకుని పైసా ఇవ్వకపోవడం నాకు అసలు నచ్చదు. తిరుపతిలో గది అద్దె, మెస్సు పెట్టుకోగలిగినవాళ్లకే రీసెర్చ్ అంటే, పల్లెల నుంచి వచ్చే పిల్లలు బయటే ఉండిపోతారు. కానీ డబ్బిచ్చే దారులూ ఉన్నాయి. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్ బీటెక్ పిల్లలకూ ఉంది. రెండు నెలలు స్టైపెండ్, పైగా రైలు ఛార్జీలు. ఐఐటీ మద్రాస్ సమ్మర్ ఫెలోషిప్‌లోనూ స్టైపెండ్ ఉంది. చిక్కేమిటంటే అకాడమీల దరఖాస్తులు నవంబరు ప్రాంతంలోనే అయిపోతాయి. మన కాలేజీల్లో ఇంటర్న్‌షిప్ మాట ఎత్తేదే ఏప్రిల్లో! నోటీసు బోర్డులో అక్టోబరులోనే పెడితే ఎంతమంది బాగుపడతారో. 2015లో మొదలైన తిరుపతి ఐఐటీ, ఐసర్ (సైన్స్ చదువు, పరిశోధనల సంస్థ) రెండూ ఇప్పుడు ఏర్పేడులోనే ఉన్నాయి, వాటి వెబ్‌సైట్లు తెరిచి చూడని పిల్లలు ఇప్పటికీ నా క్లాసులో ఉన్నారు.

రాడార్ పిల్లోడు:
మేడం మాటే కరెక్టు, స్టైపెండ్ ఉండాల్సిందే. కానీ ఈ ఏడాది గడువు దాటింది కాబట్టి పాప మానేయాలా? డబ్బు కట్టి కొనే సర్టిఫికెట్ కంటే ఇది వెయ్యి రెట్లు నయం. చేరేముందు మూడు అడగమనండి: రోజూ ఎవరు చూస్తారు, ఏ ప్రశ్న మీద పని, ఆఖర్న రిపోర్టు తను రాస్తుందా లేదా. జవాబు నసిగితే వద్దు.

పుత్తూరు నాన్న:
రాత్రి పాపతో అడిగించినా. ఒక రీసెర్చ్ స్కాలర్ అక్క రోజూ దగ్గరుండి చూస్తాదంట, రిపోర్టు పాపే రాయాలంట. ఆడపిల్లలకు పల్లెవెలుగు బస్సు ఉచితమే కాబట్టి ఇంటి నుంచే పోయొస్తాది, గది అద్దె గోల లేదు. సోమవారం కాలేజీలో ఎన్‌ఓసీకి (అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం) అర్జీ పెడతాం. మేడం, ఆ అకాడమీల ఫారంలో పిల్లలు ఏం రాయాలో చెప్తారా? మా అన్న కొడుకు ఇప్పుడు రెండో సంవత్సరం, వాడికైనా టైముకి పెట్టిస్తాం.

ల్యాబ్ మేడం:
తనకు ఏ విషయం మీద ఆసక్తో, ఎందుకో చిన్న వ్యాసం రాయాలి, పాఠం చెప్పిన టీచర్ సిఫార్సు కావాలి. వ్యాసం నెట్లోంచి ఎత్తి రాయొద్దని బాబుకి చెప్పండి. డ్రాఫ్టు రాశాక ఇక్కడే పెట్టమనండి, నేను చూస్తాను.