కూతురికి గ్రజీనా అని పేరు పెడితే తప్పా?

వ్రోత్స్వాఫ్ కోడలు:
మా ఆయన పోలిష్. వచ్చే నెలలో మాకు పాప పుట్టబోతోంది. మన ఇళ్ళల్లో నానమ్మ పేరు పెట్టుకోవడం మామూలే కదా, అత్తయ్య పేరు గ్రజీనా పెడదామన్నాను. ఆయన ఒప్పుకోవట్లేదు. బళ్ళో పిల్లని ఏడిపిస్తారు, జోఫియా అని పెడదాం అంటారు. ఇక్కడి మీమ్స్‌లో యానుష్ అంటే సాక్సుల మీద చెప్పులేసుకునే మీసాలాయన, గ్రజీనా ఆయన భార్య. మొన్న క్లినిక్‌లో నర్సు "పానీ గ్రజీనా" (అంటే గ్రజీనా గారూ) అని పిలవగానే పక్క బెంచీలో ఇద్దరు కుర్రాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. అత్తయ్య పర్సు జిప్పు అటూ ఇటూ లాగుతూ లేచి వెళ్ళారు. నాకు ఆ చేతులే గుర్తొస్తున్నాయి.

వార్సా సుధ:
అక్కా, నాకు బావగారి మాటే సబబనిపిస్తోంది. తిరిగొచ్చిన పాత పేర్లు చూడండి: జోఫియా, హన్నా, ఆంతోని, ఫ్రన్‌చిషెక్. అన్నీ ముత్తవ్వలవీ ముత్తాతలవీ. మా పాప క్రెష్‌లోనే ముగ్గురు జోషాలున్నారు, జోఫియాని ముద్దుగా అలా అంటారు. గ్రజీనా, బొజేనా, హలీనా రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి తరానివి. ఆ పెద్దవాళ్ళు ఇంకా మన కళ్ళముందే ఉన్నారు, అందుకే ఆ పేరు పసిపిల్లకి అతకదు. ప్రేమ మీది, మోయాల్సింది పిల్ల.

పెద్దబాబాయి:
సుధమ్మా, నవ్వేవాళ్ళకి భయపడి అందరూ వదిలేస్తే ఆ పేరుకి మళ్ళీ గౌరవం ఎలా వస్తుంది? గ్రజీనా నిజానికి అంత పాత పేరేం కాదు. 1823లో వచ్చిన కావ్యంలో నాయిక కోసం పోలిష్ కవి ఆదమ్ మిత్స్‌క్యెవిచ్ కల్పించిన పేరది. లిథువేనియా భాషలో 'గ్రాజుస్' అంటే అందమైన అని అర్థం. ఆ నాయిక భర్త కవచం తొడుక్కుని, ట్యూటానిక్ యోధులనే జర్మన్ క్రూసేడర్ల మీదికి వెళ్ళి ప్రాణం వదులుతుంది. అలాంటి పేరుని నవ్వులపాలు చేశారు, నాకు బాధగా ఉంది.

వార్సా సుధ:
ఈ కథ నాకు తెలియదు బాబాయ్. అయినా ఒక దారుంది. పోలండ్‌లో రెండు పేర్ల వరకు రిజిస్టర్ చేయనిస్తారు. జోఫియా గ్రజీనా అని రాయించుకోండి అక్కా.

వ్రోత్స్వాఫ్ కోడలు:
రెండో పేరు కాగితాల మీదే ఉండిపోతుంది సుధా, దాంతో ఎవరూ పిలవరు. అత్తయ్య పక్క గదిలో ఉన్నప్పుడు "గ్రజీన్‌కా" అని పాపని ముద్దుగా, గట్టిగా నేను పిలవాలి, ఆవిడ వినాలి. ఆయనతో ఇంకోసారి మాట్లాడతాను.